నీళ్లు వస్తాయి, వాటర్ వస్తుంది

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ చదువుల పేజీలో ‘సబ్జెక్ట్ వెర్బ్ అగ్రిమెంట్’ మీద, అంటే ఇంగ్లీషులో కర్తని బట్టి క్రియ మారే పద్ధతి మీద, పెద్ద వ్యాసం వేశారు. పద్నాలుగు సూత్రాలు, ఒక్కోదాని కింద ఒక తప్పు వాక్యం, ఒక ఒప్పు వాక్యం. బాగుంది. కత్తిరించి మా షాపు గోడకి అంటించాను కూడా. నా పేచీ ఒక్కటే. ఆ పద్నాలుగింటిలో ఎక్కడా తెలుగు ఊసు లేదు. ఆ వ్యాసాన్ని పాట్నాలో వేసుకున్నా సరిపోతుంది, మదురైలో వేసుకున్నా సరిపోతుంది. గుంటూరు పిల్లవాడు చేసే తప్పు గుంటూరు తప్పు. అది వాడికి ఎక్కడి నుంచి అంటుకుందో చెప్పకుండా పద్నాలుగు కాదు, నలభై సూత్రాలు బట్టీ పట్టించినా పరీక్ష హాల్లోంచి బయటికి రాగానే పాత పాటే.

ఇంత ధీమాగా మాట్లాడటానికి నేను ఇంగ్లీషు టీచర్ని కాను. అరండల్‌పేటలో మాకు జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. జిరాక్స్ మా ఆయన చూసుకుంటారు, కంప్యూటరు నాది. 1999లో పెట్టాం. రెజ్యూమెలు, లీవు లెటర్లు, ప్రాజెక్టు రిపోర్టులు, శుభలేఖలు, మిర్చి యార్డు కమీషన్ కొట్ల ఉత్తరాలు, అద్దె అగ్రిమెంట్లు. అగ్రిమెంట్ అంటే చాలాకాలం నాకు తెలిసింది ఆ స్టాంపు పేపరు అగ్రిమెంటే. కర్తకీ క్రియకీ కూడా ఒకటి ఉంటుందని తర్వాత తెలిసింది. ఇన్నేళ్లుగా నా దగ్గరికి వచ్చిన వాక్యాల్లో వింతగా కనిపించినవి ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుంటున్నాను. పేర్లు రాయను, వాక్యాలే. ఇప్పుడు మూడో పుస్తకం నడుస్తోంది.

నాది తెలుగు మీడియం. ఇంటర్ అయ్యాక బ్రాడీపేటలో టైపు నేర్చుకున్నాను. నా ఇంగ్లీషంతా ఆ మిషను మీద వచ్చిందే. చేరిన మొదటి నెలలో అందరిచేతా కొట్టించే వాక్యం ఒకటి ఉంటుంది కదా, ద క్విక్ బ్రౌన్ ఫాక్స్ జంప్స్ ఓవర్ ద లేజీ డాగ్. నేను కాగితం నిండా ‘జంప్’ అని కొట్టుకుంటూ పోయాను. ఇన్‌స్టిట్యూట్ సారు కాగితం చూసి, "ఈ వాక్యంలో ఎన్ని అక్షరాలు ఉండాలమ్మా?" అన్నారు. ఇంగ్లీషు అక్షరాలు ఇరవయ్యారూ ఉండాలి, అందుకేగా కొట్టిస్తారు. "లెక్కపెట్టు" అన్నారు. లెక్కపెడితే ఇరవయ్యైదే ఉన్నాయి. ఎస్ లేదు. ఆ వాక్యం మొత్తానికి ఎస్ ఉన్నది ఒక్క జంప్స్‌లోనే. జంప్డ్ అని కొట్టినా ఎస్ పోతుంది. గుంటనక్క ఒక్కటే కాబట్టి, అది ఇప్పుడు దూకుతోంది కాబట్టి, ఆ ఎస్ వచ్చిందని ఆయన చెప్పలేదు. ఎడమ చేతి ఉంగరపు వేలు నొక్కాల్సింది నొక్కలేదు అన్నారంతే. కానీ అప్పటి నుంచీ ఆ వేలికి ఆ సంగతి గుర్తుంది. టైపు పరీక్షల్లో లోయర్‌కి నిమిషానికి ముప్ఫై మాటలు, హయ్యర్‌కి నలభై అయిదు. రెండూ పాసయ్యాను.

వేలికి గుర్తున్నంత మాత్రాన బుర్రకి ఎక్కినట్టు కాదనుకోండి. షాపు పెట్టిన నాలుగో ఏడు ఒక శుభలేఖ వచ్చింది. ఒకవైపు తెలుగు, రెండోవైపు ఇంగ్లీషు. తెలుగు వైపు పెళ్లికూతురి తల్లిదండ్రులు ‘ఆహ్వానిస్తున్నారు’. ఇంగ్లీషు వైపు మిస్టర్ అండ్ మిసెస్ ఫలానా ‘రిక్వెస్ట్స్ ద ప్లెజర్ ఆఫ్ యువర్ కంపెనీ’ అని కొట్టాను. భార్యాభర్తలు ఇద్దరు కదా, ఇద్దరంటే బహువచనం, బహువచనానికి ఎస్. నా లెక్క అది. మూడు వందల కార్డులు అచ్చయ్యాయి. పెళ్లికూతురి పెదనాన్న గారు ఒక కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. ఎర్ర ఇంకుతో ఆ ఎస్ చుట్టూ సున్నా చుట్టి కార్డు నా టేబుల్ మీద పెట్టారు. కార్డులు మళ్లీ వేయించాం, మా డబ్బులతో. మా ఆయన వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మాస్టారు మాత్రం ఆ తర్వాత మాకు ఖాతాదారు అయ్యారు. సాయంత్రం కాగితాలు తెచ్చుకుని కాసేపు కూర్చుని పోతుంటారు. నా నోట్‌బుక్ చదివే మనిషి ఆయన ఒక్కరే.

మీ వ్యాసంలో మొదటి సూత్రమే ఈ ఎస్ గురించి. దాని మాయ మాత్రం చెప్పలేదు. తెలుగులో ‘పిల్లలు పరిగెడతారు’ అంటే బహువచనం గుర్తు రెండువైపులా పడుతుంది, అటు లు, ఇటు రు. ఇంగ్లీషులో నామవాచకానికి ఎస్ తగిలిస్తే ఎక్కువమంది, క్రియకి ఎస్ తగిలిస్తే ఒక్కరు. ఒకే అక్షరం ఇక్కడ ఒక పని, అక్కడ దానికి సరిగ్గా తిరకాసు పని. మనవాడు ‘బాయ్స్ రన్స్’ అన్నాడంటే బుర్ర లేక కాదు, వాడి తెలుగు బుర్ర సరిగ్గా పనిచేస్తోంది కాబట్టే.

ఆ మాటకొస్తే పొత్తు కుదర్చడంలో మన తెలుగు ముందు ఇంగ్లీషు చంటిపిల్ల. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి. వాళ్లకి అన్నింటికీ కలిపి ఒక్క ‘కేమ్’. ఇంత గడ్డు లెక్క నాలుగేళ్లకే నోటికి వచ్చేసిన పిల్లలు ఆ ఒక్క ఎస్ దగ్గర ఎందుకు బోల్తా పడుతున్నారు? నాకు చాలాకాలం అంతుపట్టలేదు. రెండో నోట్‌బుక్ సగంలో ఉండగా ఒకరోజు ఊరికే తప్పు క్రియలన్నీ వరసగా రాసి చూశాను. హి నో. షి వాంట్. హి లైక్. షి నీడ్. హి హావ్. ఎక్కువ భాగం ఇవే. గో, కమ్, ఈట్ లాంటివి వీటి తర్వాతే.

ఇవి తెలుగులో చెప్పి చూడండి. నాకు తెలుసు, నీకు తెలుసు, వాడికి తెలుసు, వాళ్లకి తెలుసు. తెలుసు అన్న మాట ఎక్కడా కదల్లేదు. నాకు కావాలి, వాడికి కావాలి, వాళ్లకి కావాలి. అదీ కదల్లేదు. నాకు ఇష్టం, ఆమెకి ఇష్టం. అంతే. వీటిలో మనిషి ‘కి’ తగిలించుకుని పక్కన కూర్చుంటాడు, క్రియ వాడికేసి చూడనే చూడదు. మనిషిని బట్టి క్రియ మారని ఈ కాసిని మాటలే ఇంగ్లీషులో రోజూ నోట్లో నలిగేవి. ఎస్ రాలిపోయేదీ ఎక్కువగా అక్కడే. మాస్టారికి చూపిస్తే కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చదివారు. "ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పానమ్మాయ్, ఇలా ఎప్పుడూ వరస పెట్టి చూడలేదు" అన్నారు. ఆ రోజు నాకు సర్టిఫికెట్ వచ్చినంత పనైంది.

‘ఉంది’ సంగతి ఇంకా విచిత్రం. అది మారుతుంది, కానీ మనిషిని బట్టి కాదు, ఆ మనిషికి ఉన్నదాన్ని బట్టి. నాకు ఒక తమ్ముడు ఉన్నాడు, ఇద్దరు అక్కలు ఉన్నారు. ఒక డిగ్రీ పిల్ల సెల్ఫ్ ఇంట్రడక్షన్ కొట్టించుకోవడానికి రాసుకొచ్చిన కాగితంలో ‘ఐ హాజ్ వన్ బ్రదర్ అండ్ ఐ హావ్ టూ సిస్టర్స్’ అని ఉంది. పక్కనున్న వాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒకరికి హాజ్, ఇద్దరికి హావ్. తెలుగు లెక్కలో ఆ పిల్ల నూటికి నూరు కరెక్టు. "ఉన్నవాళ్లని లెక్కపెట్టకమ్మా, చెప్పుకునే మనిషెవరో చూడు" అన్నాను. అంతే, మళ్లీ ఆ తప్పు చెయ్యలేదు. మీ పద్నాలుగు సూత్రాల్లో ఆ పిల్లకి పనికొచ్చేది ఒక్కటీ లేదు సార్.

లేదు, డోంట్ సంగతీ అలాంటిదే. నేను రావట్లేదు, వాడు రావట్లేదు, వాళ్లు రావట్లేదు. మారదు. అందుకే హి డోంట్ కమ్. దాన్ని దిద్దితే రెండో రోజుకి ‘హి డజంట్ కమ్స్’ అని వస్తుంది. నేను చెప్పేది ఒకటే, ఎస్ రేషన్ బియ్యం లాంటిది. డజ్ ముందే వెళ్లి వేలిముద్ర వేసి తెచ్చేసుకుంది, ఇక కమ్ వెళ్లినా ఇవ్వరు. ఇంజినీరింగ్ పిల్లలకి కూడా ఈ మాటే పనిచేసింది.

ఇక నీళ్లు. మనకి నీళ్లు వస్తాయి, పాలు పొంగుతాయి, బియ్యం అయిపోతాయి, డబ్బులు ఉంటాయి లేదా ఉండవు. ఇంగ్లీషువాళ్లకి ఇవన్నీ ఏకవచనం. మా పక్క అపార్టుమెంటు వాళ్లు నోటీసు కొట్టించుకోవడానికి వచ్చారు, ‘వాటర్ ఆర్ నాట్ కమింగ్ టుమారో’. వార్తలు వచ్చాయి కాబట్టి న్యూస్ ఆర్, లెక్కలు కష్టంగా ఉన్నాయి కాబట్టి మ్యాథ్స్ ఆర్. చివర ఎస్ కూడా కనపడుతుంటే ఇంక అనుమానం ఎందుకొస్తుంది? ఆ రెండూ ఏకవచనాలే, న్యూస్ ఈజ్, మ్యాథ్స్ ఈజ్. దీనికి ఎదురు తిరిగేవీ ఉన్నాయి. మనకి కత్తెర ఒకటే, ప్యాంటు ఒకటే, కళ్లజోడు ఒకటే. వాళ్లకి సిజర్స్ ఆర్, ట్రౌజర్స్ ఆర్, స్పెక్టకిల్స్ ఆర్. రెండు అలుగులు, రెండు కాళ్లు, రెండు అద్దాలు అని కాబోలు. తమాషా ఏంటంటే తెలుగులో మాట్లాడుతూ మధ్యలో ఇంగ్లీషు మాట వాడినప్పుడు మనమే సరిగ్గా మార్చుకుంటాం. ‘నీళ్లు వస్తున్నాయి’ అనే నోరే ‘వాటర్ వస్తోంది’ అంటుంది. ఎవరూ నేర్పలేదు. మొత్తం ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చినప్పుడు టెన్షన్‌లో అది మర్చిపోతాం. ఈ మధ్య హైదరాబాద్ నుంచి వచ్చిన మా అక్క మనవడు ‘అమ్మమ్మా, పాలు అయిపోయింది’ అన్నాడు. ఇంగ్లీషు మీడియం. అటు నుంచి ఇటు కూడా కాలవ పారుతోందన్న మాట.

మిర్చి యార్డు ఉత్తరాల్లో తప్పు మాత్రం వేరే జాతి. ‘ద క్వాలిటీ ఆఫ్ ద చిల్లీస్ ఆర్ వెరీ గుడ్’. ‘ద రేట్ ఆఫ్ తేజ బ్యాగ్స్ ఆర్ ఇంక్రీజ్డ్’ (తేజ అంటే మిర్చిలో ఒక రకం). వారానికి రెండన్నా తగులుతాయి. తెలుగులో ఇలా జరగడానికి వీల్లేదు. ‘మిరపకాయల నాణ్యత బాగుంది’, ‘టిక్కీల రేటు పెరిగింది’ (టిక్కీ అంటే మిర్చి బస్తా). అసలు మాట ఆఖర్న ఉంటుంది, క్రియకి ఆనుకుని. అందుకే ఇలాంటి చోట క్రియకి పక్కన ఉన్నదాన్ని చూసి పలకడం మనకి అలవాటు, ఆ అలవాటు తెలుగులో ఇక్కడ మోసం చెయ్యదు. ఇంగ్లీషులో అసలు మనిషి ఆఫ్‌కి ముందు ఎక్కడో కూర్చుని ఉంటాడు, క్రియ పక్కకి మిరపకాయలొచ్చి చేరతాయి. కంప్యూటర్ కూడా దీన్ని ఒక్కోసారి పట్టుకుంటుంది, ఒక్కోసారి నిద్రపోతుంది. మునుపు ఆకుపచ్చ గీత వచ్చేది, ఇప్పుడు నీలం గీత. ఈ తప్పు ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్లూ చేస్తారని మాస్టారు చెప్పారు. అది వినగానే యార్డు గుమస్తా గారి మొహంలో వెలుగు చూడాలి. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఆర్’ కూడా ఈ బాపతే. ఆఫ్‌కి ముందు ఏముందో చూస్తే సగం గొడవ పోతుంది. ఎవ్రీబడీ హావ్ కమ్ మాత్రం ‘అందరూ వచ్చారు’ వల్ల వచ్చింది. దానికి ఒకటే మాట, బడీ అంటే ఒళ్లు ఒకటే.

నాకు అన్నిటికంటే నచ్చిన తప్పు ఇంకొకటుంది. పదో తరగతి కుర్రాడు లీవు లెటర్ తెచ్చాడు. ‘మై ఫాదర్ ఆర్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’. ఈజ్ అని మార్చి కొట్టాను. వాడు స్క్రీన్ చూసి, "ఆంటీ, మా నాన్నగారండీ" అన్నాడు. తెలుసు బాబూ అన్నాను. "ఈజ్ అంటే వాడు అన్నట్టుంటుంది కదండీ" అన్నాడు. నా చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. మనకి నాన్నగారు వచ్చారు, మేష్టారు చెప్పారు, డాక్టరు గారు లేరు. ఒక్కరే అయినా ‘రు’ పెట్టకపోతే చెంప పగులుతుంది. పదిహేనేళ్లు ఇంట్లో నేర్పిన మర్యాదని ఒక్క ఈజ్ కోసం వదిలెయ్యమంటున్నాం వాణ్ణి. ‘సార్ ఆర్ నాట్ ఇన్ ద క్లాస్’ అని రాసే పిల్లకి సూత్రం తెలియక కాదు సార్, సారంటే గౌరవం ఉండి.

సాయంత్రం మాస్టారు వస్తే ఇది చెప్పాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. "వాళ్లకీ ఈ గొడవ ఉండేదమ్మాయ్" అన్నారు. ఇంగ్లీషులో ఒకప్పుడు ఎదుట ఒక్కరే ఉంటే ‘దౌ’, ఎక్కువమంది ఉంటే ‘యూ’ వాడేవాళ్లట. తర్వాత పెద్దవాళ్లని ఒక్కరినైనా యూ అనడం మర్యాద అయింది, అచ్చం మన మీరు లాగా. ఆ మర్యాద ముదిరి ముదిరి పదిహేడో శతాబ్దం గడిచేసరికి మామూలు మాటల్లో దౌ దాదాపు కనుమరుగై, చిన్నా పెద్దా అందరికీ యూనే మిగిలింది. అందుకే ఎదుట ఉన్నది ఒక్కడైనా యూ ఆర్ అంటారు తప్ప యూ ఈజ్ అనరు. ఆ ఆర్ ఒకప్పటి బహువచనం. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో దేవుణ్ణి కూడా దౌ అనే పిలుస్తారని చెప్పారు. మన తెలుగు బైబిల్లోని ప్రార్థనలోనూ ‘నీ నామము’ అనే ఉంది కదా. మర్నాడు ఆ కుర్రాడు ప్రింటవుట్ కోసం వస్తే చెప్పాను. ఎదురుగా ఉన్నప్పుడు మీ నాన్నగారికి యూ ఆర్ అని గారు దక్కుతుంది, ఆయన గురించి ఇంకొకరికి చెప్పేటప్పుడే దక్కదు, అది వాళ్ల పద్ధతి, నీ అమర్యాద కాదు అని. కాసేపు ఆలోచించి, "అయితే ఓకే ఆంటీ" అని పది రూపాయలిచ్చి వెళ్లాడు.

ఒప్పుకోవాల్సిందీ ఒకటుంది. కొన్నిచోట్ల నా దగ్గర సమాధానం దొరకదు. క్రికెట్ కామెంటరీలో ‘ఇండియా ఆర్ బ్యాటింగ్’ అంటారు కదా, మీరేమో గ్రూపు పేరు ఏకవచనం అన్నారు అని ఒక బ్యాంకు పరీక్షల అబ్బాయి గోడమీది మీ పేజీ చూపించి నిలదీశాడు. బ్రిటన్ పద్ధతిలో జట్టుని మనుషుల గుంపుగా చూసి ఆర్ అంటారు, అమెరికాలో ఈజ్ అంటారు, రెండూ ఒప్పే అని మాస్టారు తీర్పు చెప్పారు. "పరీక్షలో ఏది పెట్టమంటారు?" అన్నాడు వాడు. మాస్టారు తన కాగితాలు సర్దుకున్నారు.

నేను అడిగేది పెద్ద పనేం కాదు. ఈ శీర్షిక మళ్లీ వేసినప్పుడు ప్రతి తప్పు వాక్యం పక్కనా అదే మాటని మన ఇంట్లో ఎలా అంటామో ఆ తెలుగు వాక్యం కూడా అచ్చెయ్యండి. వాడికి తెలుసు, నీళ్లు వచ్చాయి, నాన్నగారు వచ్చారు. ఎక్కడ దారి చీలుతోందో పిల్లలే పట్టుకుంటారు. వాక్యాలు కావాలంటే నా నోట్‌బుక్కులు మూడూ ఉన్నాయి, మీ గుంటూరు విలేకరిని పంపిస్తే ఇస్తాను. జిరాక్స్ ఫ్రీ.

వచ్చేటప్పుడు మా షాపు బోర్డు చూసి నవ్వొద్దని మాత్రం ఆయనకి చెప్పండి. ‘ఆల్ కైండ్స్ ఆఫ్ డీటీపీ వర్క్స్ ఈజ్ డన్ హియర్’ అని ఉంటుంది. 1999లో పెయింటరు రాసింది. కొత్త ఫ్లెక్స్ వేయిద్దామని శుభలేఖ రోజుల నుంచీ అంటున్నాను, కార్డులకి పెట్టిన డబ్బులు ఇంకా గుర్తున్నాయి మా ఆయనకి.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
అరండల్‌పేట, గుంటూరు.